గోడలు లేని గ్రంథాలయము

వ్రాయవలెనను కోరిక గలవానికి మొట్టమొదట కావలసినది కలము గాదు, కాగితము గాదు, చదువు. ఎరువు లేని చేను పండనట్లే చదువు లేని కలము సాగదు. చదువుటకు గ్రంథములు కావలెను గదా! ఆ గ్రంథములు ధనికునకును దరిద్రునకును సమానముగ లభించుట లోకమున మిక్కిలి ఆలస్యముగ సంభవించిన విషయము.

పూర్వము మన దేశమున గ్రంథములు తాటాకులపై గంటముతో వ్రాయబడుచుండెడివి. ఒక కావ్యమునకు రెండవ ప్రతి కావలెనన్నచో వ్రాయసకాడు దినముల తరబడి కూర్చుండి, ఆకు వెంట ఆకు చూచి వ్రాయవలసినదే. అట్లు వ్రాసిన ప్రతి యే యింటి అటుకమీదనో పడియుండెడిది. చెదలు పట్టినను, వాననీరు కారినను, ఇల్లు కాలినను గ్రంథము దానితోనే నశించెడిది. పేరు మాత్రము మిగిలి కావ్యము మిగులని తెలుగు కవులు పెక్కుమంది కలరు.

1820వ సంవత్సరమున కడపకు ఉద్యోగియై వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను ఈ దుస్థితిని కన్నులార చూచెను. ఆయన తెలుగు నేర్చి, తన సొంత ధనమును వెచ్చించి పండితులను నియమించెను. వారు ఊరూర వెదకి వ్రాతప్రతులను సేకరించిరి. ఒక గ్రంథమునకు దొరకిన పలు ప్రతులను ప్రక్కప్రక్కన నుంచుకొని, పాఠములను పోల్చి, తప్పులు దిద్ది, శుద్ధప్రతులను సిద్ధపరచిరి. 1829లో వేమన పద్యములు ఆంగ్లానువాదముతో అచ్చయ్యెను. 1852లో బ్రౌను తెలుగు నిఘంటువు వెలువడెను. ఒక మనుష్యుని పట్టుదల వలన ఎన్నియో గ్రంథములు చెదలనోటబడక నిలిచెను.

అచ్చుయంత్రము వచ్చిన పిదప గ్రంథముల కష్టములు కొంత తీరెను. 1455వ సంవత్సర ప్రాంతమున జర్మనీలోని మైంజు నగరమున యోహాన్ గుటెన్‌బర్గు కదిలించుటకు వీలైన లోహపు అక్షరములతో బైబిలును అచ్చువేసెను. అంతటినుండి ఒక గ్రంథమునకు వందలు, వేలు ప్రతులు తీయుట సాధ్యమయ్యెను. అయినను అచ్చుపుస్తకమునకును హద్దులు కలవు. దానిని కొనుటకు సొమ్ము కావలెను. గ్రంథాలయమునకు పోవుటకు దగ్గర పట్టణముండవలెను. పోయినను, కావలసిన పుస్తకమును అంతకుముందే మరియొకరు తీసికొనిపోయి యుండవచ్చును. ముద్రణ నిలిచిపోయిన పుస్తకము కొన్ని యేండ్లకు కంటికి కనబడదు. చౌక కాగితము పచ్చబడి, ముట్టుకొనినంతనే పొడియగును. ఈ హద్దులన్నిటిని ఒక్కసారిగా దాటుటకు మార్గమున్నదని ఊహించినవాడు ఒక సామాన్య విద్యార్థి.

అతని పేరు మైకేల్ హార్టు. అతడు 1947లో అమెరికా దేశమునందు జన్మించెను. అతడు ఇల్లినాయి రాష్ట్రములోని అర్బానాలో పెరిగి, అచ్చటి విశ్వవిద్యాలయమునందే చదువుచుండెను. ఆ విద్యాలయమునందు ఒక పెద్ద కంప్యూటరు కలదు. నేడు ప్రతి చేతిలోను కనబడు సెల్‌ఫోను వంటిది గాదది. గదిని నిండించు యంత్రము. దానిని వాడుకొను కాలమునకు ఆ దినములలో మిక్కిలి వెల. సాధారణముగ శాస్త్రజ్ఞులు పెద్ద లెక్కలు కట్టుటకే దానిని వాడుచుండిరి. అట్టి యంత్రమును తన యిష్టము వచ్చినట్లు వాడుకొను అవకాశము 1971లో హార్టునకు లభించెను.

అది జులై నాలుగవ తేది, అమెరికావారి స్వాతంత్ర్యదినము. ఆ రాత్రి బాణసంచా వేడుకలు చూచి హార్టు తిరిగి వచ్చుచు, దారిలో నొక అంగడిలో తినుబండారములు కొనెను. పండుగ సందర్భమున అంగడివారు ఆ దేశపు స్వాతంత్ర్య ప్రకటనను అచ్చువేసిన కాగితమును అతనికి ఊరకనే యిచ్చిరి. అతడు కంప్యూటరు గదికి వచ్చి కూర్చుండి ఆలోచించెను. ఇంత విలువగల కాలము తనకు ఊరక దొరకినది; దీనికి తగిన ప్రతిఫలమును లోకమునకు ఎట్లు చెల్లింపవలెను? లెక్కలు కట్టుటలో తాను శాస్త్రజ్ఞులను మించజాలడు. ఇంతలో సంచిలోని ఆ కాగితము అతని చేతికి తగిలెను.

అప్పుడతనికి ఒక యూహ తోచెను. ఈ యంత్రముల గొప్పతనము లెక్కలు కట్టుటలో లేదు. గ్రంథాలయములలోని విద్యను భద్రపరచి, వెదకి, అడిగినవారికెల్ల అందించుటలోనే కలదు. కాగితముపై నున్న పుస్తకమును ఒకరికిచ్చినచో రెండవవానికి లేదు. యంత్రమున నెక్కించిన పుస్తకమును ఎందరికిచ్చినను తరుగదు. ఒకసారి టైపు చేసిన చాలును. దీపమునుండి దీపము వెలిగించినట్లు ప్రతినుండి ప్రతి పుట్టుచునే యుండును.

అతడు వెంటనే ఆ ప్రకటనను అక్షరము వెంట అక్షరము టైపు చేసెను. ఆ యంత్రమున ఆంగ్లమునందలి పెద్ద అక్షరములు మాత్రమే యుండుటచే మొత్తమును వానితోనే వ్రాసెను. దానిని ఆ కంప్యూటరుతో సంబంధము గలవారందరికిని ఒకేసారి పంపదలచెను. వారు సుమారు నూరుమంది. అట్లు పంపినచో యంత్రజాలమంతయు స్తంభించునని తెలిసినవారు హెచ్చరించిరి. అందుచే అతడు ఆ వ్రాతను ఒకచోట నుంచి, కావలసినవారు అచ్చటినుండి తీసికొనవచ్చునని తెలియజేసెను. ఆరుగురు తీసికొనిరి. గ్రంథములను అంతర్జాలము ద్వారా పంచు మహోద్యమము ఈ ఆరుగురు పాఠకులతో మొదలయ్యెను. హార్టు దానికి అచ్చుయంత్ర నిర్మాతను స్మరించుచు గుటెన్‌బర్గు ప్రాజెక్టు అని పేరిడెను.

తరువాతి కథ వేగముగ నడువలేదు. 1972లో ఒక చిన్న రాజపత్రము, తరువాత అమెరికా రాజ్యాంగము చేరెను. పెద్ద గ్రంథములను దాచుటకు ఆనాటి యంత్రములలో చోటు చాలదు. చిత్రములు లేవు, అలంకారములు లేవు. హార్టు చేయుచున్న పనిని కొందరు పిచ్చిపని యనుకొనిరి. అంగళ్లలో చౌకగ దొరకు పుస్తకమును యంత్రమున చదువువారెవరని నవ్విరి. అతడు ధనవంతుడు గాడు. తనకు కావలసిన వస్తువులను చాలవరకు పాతవి కొని, తానే బాగుచేసికొని, మిక్కిలి పొదుపుగ జీవించెను. పని మాత్రము విడువలేదు. 1989లో బైబిలు పదవ గ్రంథముగ చేరెను. 1994లో నూరవ గ్రంథముగ షేక్స్‌పియరు సమగ్ర రచనలు చేరెను. 1997లో డాంటే మహాకవి కావ్యము వేయవది. మొదటి పదింటికి పదునెనిమిది యేండ్లు పట్టగా, పదినుండి వేయి వరకు ఎనిమిది యేండ్లే పట్టినవి!

ఈ వృద్ధికి కారణము పనిని పంచుకొనుట. 2000వ సంవత్సరమున చార్లెస్ ఫ్రాంక్సు అనునతడు ఒక చక్కని పద్ధతిని ఏర్పరచెను. ముందు పాత పుస్తకము పుటలను ఛాయాచిత్రములు తీయుదురు. యంత్రము ఆ చిత్రములను చూచి అక్షరములుగ మార్చును. యంత్రము చదువునప్పుడు తప్పులు దొరలును గదా! అందుచే ప్రతి పుటను స్వచ్ఛందముగ ముందుకు వచ్చిన ఒక పాఠకుడు మూలచిత్రముతో పోల్చి దిద్దును. వానిని మరియొకడు మరల పరిశీలించును. ఒక మనిషి ఒక గ్రంథమంతయు చేయనక్కరలేదు. దినమునకు ఒక పుట దిద్దినను చాలును. చీమలు పుట్ట పెట్టినట్లు ఈ పాఠకులు వేలకొలది గ్రంథములను నిలిపిరి. 2011లో మైకేల్ హార్టు మరణించునాటికి గుటెన్‌బర్గు ప్రాజెక్టు లోకప్రసిద్ధమయ్యెను. నేడు దానియందు 70 వేలకు పైగా గ్రంథములు కలవు. వానిని చదువుటకు రుసుము లేదు, సభ్యత్వము లేదు.

ఇట్టి ఉద్యమమునకు తెలుగువాడొకడు గొప్ప చేయూత నిచ్చుట గర్వకారణము. 1937లో చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున జన్మించిన రాజ్ రెడ్డిగారు మద్రాసు గిండీ కళాశాలలో ఇంజనీరింగు చదివి, ఆస్ట్రేలియాలోను అమెరికాలోను ఉన్నతవిద్య నభ్యసించి, కంప్యూటరు శాస్త్రమున అగ్రగణ్యులైరి. 1994లో ఆ శాస్త్రమునందు అత్యున్నతమైన ట్యూరింగు పురస్కారమును మరియొక శాస్త్రజ్ఞునితో కలసి యందుకొనిరి. పదిలక్షల గ్రంథములను యంత్రములకెక్కించి లోకమున కందింపవలెనని ఆయన తలపెట్టిరి. భారతదేశము, చైనా, ఈజిప్టు దేశములలోని విద్యాసంస్థలు ఆ పనిలో పాలుపంచుకొనెను. మన దేశమున బెంగుళూరు నందలి భారత విజ్ఞాన సంస్థయు, హైదరాబాదు నందలి సంస్థలును పుటలను చిత్రములు తీసినవి. గ్రంథాలయముల మూలలలో దుమ్ముకొట్టుకొనియున్న వేలాది తెలుగు పుస్తకములు అట్లు వెలుగు చూచెను. వానిలో పెక్కింటి ప్రతులు 1996లో బ్రూస్టర్ కేల్ స్థాపించిన ఇంటర్నెట్ ఆర్కైవు అను నిలయమునకు చేరినవి. 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు స్థాపించిన భారతి పత్రిక పాత సంచికలు కొన్నియు నచ్చట చదువ వీలైనవి.

అయితే పుట చిత్రము తీసినంత మాత్రమున పని ముగియదు. చిత్రమున మాటను వెదకుటకు వీలులేదు. దానిని అక్షరములుగ మార్చవలెను. ఆంగ్లమునకు ఇరువదియారు అక్షరములే. తెలుగునకు తలకట్లు, గుడులు, కొమ్ములు, ఒత్తులు కలసి అసంఖ్యాకమైన రూపము లేర్పడును. 1991లో లోకభాషల లిపులన్నిటికి ఒకే సంఖ్యాక్రమము నేర్పరచిన యూనికోడు పద్ధతిలో తెలుగునకును చోటు దొరకెను. దానివలన ఒక యంత్రమున వ్రాసిన తెలుగు మరియొక యంత్రమున చదువబడుట సులభమయ్యెను. కాని పాత ముద్రణలోని అరిగిపోయిన అక్షరములను చదువుటలో యంత్రము నేటికిని పొరబడుచునే యుండును. ‘ప’ తలకట్టునకును ‘వ’ తలకట్టునకును గల చిన్న భేదమును అది గుర్తింపకపోవచ్చును. అప్పుడు ‘పాడిగల యిల్లు’ కాస్తయు ‘వాడిగల యిల్లు’ అగును! ఆవులు, గేదెలు పోయి కత్తులు మిగులును. దీనిని పట్టుకొనగలవాడు తెలుగు తెలిసిన మనిషియే.

ఆ మనుష్యులు పనిచేయు చోట్లలో తెలుగు వికీసోర్సు ఒకటి. అచ్చట ఒకవైపు పాత పుట చిత్రము, దాని ప్రక్కనే అక్షరరూపము కనబడును. ఒకరు దిద్దిన పుటకు పసుపుపచ్చ గుర్తు, రెండవవారు సరిచూచి యొప్పుకొనిన పుటకు ఆకుపచ్చ గుర్తు పడును. ఈ పనిచేయువారికి జీతము లేదు. వారిలో ఉద్యోగులు, విశ్రాంతి పొందిన వృద్ధులు, విద్యార్థులు కూడ నుందురు. బ్రౌను కాలమున కడపలో పండితులు ప్రతుల నెట్లు పోల్చిరో, నేడు వేరువేరు ఊళ్లలో నున్నవారు ఒకరి ముఖమొకరు చూడకయే అట్లే పోల్చుచున్నారు. సాధనము మారినది గాని శ్రద్ధ మారలేదు.

ఇచ్చట ఒక ప్రశ్న పుట్టును. ఏ పుస్తకమునైనను ఇట్లు పంచిపెట్టవచ్చునా? పంచరాదు. రచన చేసినవానికి తన శ్రమఫలముపై హక్కు కలదు. భారతదేశ చట్టము ప్రకారము ఆ హక్కు రచయిత జీవితకాలమును, ఆయన మరణించిన సంవత్సరము గడచిన పిదప అరువది యేండ్లును ఉండును. తరువాత ఆ రచన ప్రజలందరి సొత్తగును. 1915లో మరణించిన గురజాడ అప్పారావుగారి రచనలు, 1919లో మరణించిన కందుకూరి వీరేశలింగముగారి రచనలు నేడు ఎవరైనను అచ్చువేయవచ్చును. 1946లో మరణించిన చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి రచనలు 2006వ సంవత్సరము ముగియగానే ప్రజలపరమైనవి. 1983లో మరణించిన శ్రీశ్రీ రచనలకు 2043వ సంవత్సరాంతము వరకు హక్కు నిలుచును. ఈ గడువు ఎంత యుండవలెనను విషయమున భేదాభిప్రాయములు కలవు. 1998లో అమెరికా దేశము గడువును మరి యిరువది యేండ్లు పొడిగింపగా హార్టు దానిని వ్యతిరేకించెను. పాత పుస్తకములు జనులకు చేరక మరుగునపడునని అతని వాదము. రచయిత కుటుంబమునకు రక్షణ కావలెనని ఎదుటివారి వాదము. రెండింటను సత్యము లేకపోలేదు. చట్టమున్నంతవరకు దానిని మన్నించుటయే చదువరి ధర్మము.

ఈ గోడలు లేని గ్రంథాలయమునందు వ్రాయగోరువారికి దొరకు లాభము లెవ్వి? మొదటిది, గొప్ప రచయితలు ఎట్లు దిద్దుకొనిరో చూచు భాగ్యము. అచ్చుపుస్తకము కట్టి ముగించిన మేడవంటిది. అందు కూలివారి చెమట కానరాదు. ఆంగ్ల నవలాకర్త్రి జేన్ ఆస్టెను చేతివ్రాతలు నేడు అంతర్జాలమున చూడవచ్చును. 1816లో ఆమె తన చివరి పూర్తి నవలయైన పర్స్యూయేషనును ముగించెను. ముగింపు ఆమెకు తృప్తినీయలేదు. ఆరోగ్యము చెడుచున్నను, ఆమె ఆ భాగమును ప్రక్కకు నెట్టి, కొన్ని దినములలో క్రొత్తగ వ్రాసెను. కొట్టివేసిన ఆ ప్రకరణములు ఆమె చేతివ్రాతలోనే నిలిచియున్నవి. గీతలు, తుడుపులు, నడుమ ఇరికించిన మాటలు కనబడును. ఇంతటి రచయిత్రియు మొదటిసారియే సరిగ వ్రాయలేదని తెలిసినప్పుడు, తన వ్యాసముపై గురువుగారు పెట్టిన ఎఱ్ఱ గీతలను చూచి విద్యార్థి చిన్నబోవలసిన పని లేదు.

రెండవది, ప్రశ్నించుట నేర్చుకొనుట. చార్లెస్ డార్విను వ్రాసినవియు, ఆయనకు వచ్చినవియునైన పదునైదువేల ఉత్తరములను కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారు సేకరించి లోకమున కందించిరి. ఆ మహాశాస్త్రజ్ఞుడు పండితులనే గాక తోటమాలులను, పావురములు పెంచువారిని, దూరదేశములందలి ఉద్యోగులను గూడ వినయముతో ప్రశ్నలడుగుచుండెను. ఊరిలోని కుమ్మరిని, నేతగానిని, రైతును ప్రశ్నించి వ్రాయదలచిన బాలునకు ఆ ఉత్తరములు చక్కని పాఠములు.

మూడవది, మాటల సంపద. బ్రౌను నిఘంటువును శికాగో విశ్వవిద్యాలయమువారు అంతర్జాలమున నుంచిరి. 1885లో వెలువడిన బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరమును, మరికొన్ని నిఘంటువులను ఆంధ్రభారతి అను నిలయమున ఒక్కచోట వెదకవచ్చును. పూర్వము నాలుగు పెద్ద సంపుటములు తిరుగవేసిన గాని దొరకని యర్థము నేడు క్షణములో దొరకును. అయినను అర్థము తెలిసినంతనే మాట మనదికాదు. దానిని పెద్దలెట్లు వాడిరో చదివి, రెండుమూడు వాక్యములలో తానును వాడి చూచినప్పుడే అది సొంతమగును.

లాభములున్నచోట అపాయములును ఉండును. అంతర్జాలము చెరువు గాదు, వరద. వరదనీటిలో మంచినీటితోపాటు చెత్తయు కొట్టుకొనివచ్చును. ఒక మహాకవి పేరు పెట్టి ఆయన వ్రాయని మాటలను ప్రచారము చేయువారు కలరు. కావున తెలివిగల చదువరి మూడు విషయములను పరిశీలించును: దీనిని వ్రాసినవారెవరు? ఎప్పుడు వ్రాసిరి? మూలగ్రంథమున ఈ మాట యే పుటలో కలదు? ఈ మూడింటికి సమాధానము దొరకనిచో, ఆ విషయమును తన వ్యాసమున చేర్పడు. మరియొక అపాయము దొంగతనము. ఇతరుల వాక్యములను తనవిగ చూపుట తేలికయైనది. అంతే తేలికగ అది బయటపడును. చదివినదానిని పుస్తకము మూసి తన మాటలలో వ్రాయుట, ఎవరి మాటను తీసికొనిన వారి పేరు చెప్పుట, ఇవి రచయిత శీలమునకు రెండు కన్నులవంటివి.

మూడవ అపాయము నిలకడ లేకపోవుట. వేయి పుస్తకములు వ్రేలికొనయందున్నవని ఒక్కొక్కదానిలో రెండు పుటలు చదివి విడుచువానికి ఏదియు ఒంటబట్టదు. తాళపత్రముల కాలమున విద్యార్థికి ఒకటి రెండు గ్రంథములే దొరకెడివి. అతడు వానిని మరల మరల చదివి జీర్ణించుకొనెడివాడు. ఆ నిలకడను నేటి సౌకర్యముతో జోడింపగలవాడు ధన్యుడు. ఒక పుస్తకమును ఏరుకొని, తుదివరకు చదివి, నచ్చిన విషయమును నోటుపుస్తకమున తేదివేసి వ్రాసికొనుట మంచి యలవాటు.

ఒక గ్రంథము బ్రదుకుటకు దానిని వ్రాసినవాడొక్కడే చాలడు. తాటాకుపై మరల వ్రాసిన వ్రాయసకాడు, ప్రతులను పోల్చిన పండితుడు, అక్షరములను పేర్చిన అచ్చుకూటపు పనివాడు, పుటను దిద్దిన పేరులేని పాఠకుడు, వీరందరు కలసి దానికి ఆయువు పోయుదురు. మైకేల్ హార్టు టైపు చేసిన మొదటి కాగితమును తీసికొనినవారు ఆరుగురే. ఆ సంఖ్యను చూచి అతడు నిరుత్సాహపడియున్నచో నేటి యీ భాండాగారము ఉండెడిది గాదు. చేయదగిన పని చిన్నదైనను దానిని విడువక చేయువాడే లోకమునకు మేలు చేయును. చదివి ఆనందించిన విద్యార్థి యేదో యొకనాడు ఒక పాత తెలుగు పుటను తానును దిద్దినచో, తనకు చదువు నందించిన పూర్వులకు ఋణము కొంత తీర్చినవాడగును.